ఉప్పలపాడా, మూలపాడా, కొల్లేరా, సముద్రమా? బడి పిల్లల ప్రకృతి యాత్రకు ఏది ఎంచుకోవాలి

దసరా సెలవులు అయిపోగానే స్టాఫ్ రూములో ఈ మాట మొదలవుతుంది. "ఈసారి పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దాం?" ఒకరు బీచ్ అంటారు, ఒకరు భవానీ ద్వీపం అంటారు, లెక్కల మాస్టారు ఖర్చు ఎంత అంటారు. చివరికి ఎవరికి తెలిసిన బస్సు ఓనరు ఉంటే వాళ్ళు చెప్పిన చోటికే వెళ్ళి వస్తాం. నేను జీవశాస్త్రం చెబుతాను. గుంటూరులో కొన్నేళ్ళు, ఇప్పుడు విజయవాడలో. ఇన్నేళ్ళలో పిల్లల్ని తీసుకెళ్ళిన చోట్లలో కొన్ని బాగా కుదిరాయి, కొన్ని చెడ్డాయి. ఆ లెక్కనే ఇక్కడ పెడుతున్నాను.

చెడిన కథ ముందు చెబుతాను. అప్పట్లో నేను పనిచేసిన బడి నుంచి మూడు బస్సుల్లో నూట నలభై మందిని సముద్రానికి తీసుకెళ్ళాం. ఉదయం ఆరున్నరకి బయల్దేరాలి. ఒక బస్సు రాలేదు, వచ్చాక దానికి టైరు మార్చారు. బీచ్ చేరేసరికి పదకొండున్నర. ఇసుక మీద కాలు పెట్టలేం. పిల్లలంతా నీళ్ళలోకి ఒకటే పరుగు, మేం మోకాళ్ళ లోతులో నిలబడి ఈలలు ఊదడమే పని. ఒక ఐదో తరగతి పాప చెప్పు అల కొట్టుకుపోయింది, దాని ఏడుపు సాయంత్రం దాకా ఆగలేదు. రాత్రి తొమ్మిదికి తిరిగొస్తే గేటు దగ్గర తల్లిదండ్రులు. మర్నాడు "ఏం చూశారో రాయండి" అంటే సగం మంది ఐస్‌క్రీం గురించి రాశారు. ఎండ్రకాయ గురించి ఒక్కరూ రాయలేదు.

ఆ రోజు నుంచి నాకు ఒకటే కొలత. బస్సులో ఎన్ని గంటలు, పిల్లలు నిలబడి చూసేది ఎన్ని గంటలు? రెండోది మొదటిదానికన్నా తక్కువైతే ఆ యాత్ర వద్దు.

చోటు కంటే ముందు చూసుకోవలసినవి

బస్సు గంటల మాట పైన చెప్పాను. గూగుల్ మ్యాప్ చూపించే టైమును నమ్మకండి. అది కారు టైము. యాభై మంది పిల్లలు, రెండు వాంతులు, ఒక టీ బ్రేకు కలిపితే గంటకి ఇరవై నిమిషాలు అదనం.

రెండోది బాత్రూం. ఇది రాయడానికి ఎవరూ ఇష్టపడరు గానీ ఏడో తరగతి దాటిన ఆడపిల్లలు ఉన్న గుంపుకి మొదటి ప్రశ్న ఇదే. బాత్రూం లేదని తెలిస్తే వాళ్ళు పొద్దుటి నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు. మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి పడిపోతారు. మనం ఎండదెబ్బ అనుకుంటాం. వెళ్ళే ముందు వారంలో ఒక టీచరు స్వయంగా వెళ్ళి, తాళం ఉందా, నీళ్ళు వస్తున్నాయా చూసి రావాలి. ఫోన్‌లో "ఉంది సార్" అనే మాట పనికిరాదు.

మూడోది నీళ్ళ భయం. మన ప్రాంతంలో మంచి చోట్లన్నీ నీళ్ళ పక్కనే ఉన్నాయి. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. అందుకే పడవ ఎక్కించేటట్లయితే ప్రతి పిల్లకీ ఒంటికి సరిపడే లైఫ్ జాకెట్ ఉండాలి. పెద్దవాళ్ళ జాకెట్ చిన్నపిల్లలకి వదులై మెడ మీదుగా జారిపోతుంది. సరిపడేది లేకపోతే పడవ ఎక్కించకండి, గట్టున నిలబడి చూసినా చాలు.

నాలుగోది కాలం. మూలపాడు తప్ప మిగతా చోట్లకి మనకి నిజంగా పనికొచ్చేది నవంబరు నుంచి ఫిబ్రవరి. అందులో నవంబరు తుపాన్ల నెల, సంక్రాంతికి సెలవులు, ఫిబ్రవరి వచ్చేసరికి పదో తరగతికి పరీక్షల టెన్షన్. పైగా కార్తీక మాసంలో ఆదివారాలు, సోమవారాలు అన్ని చోట్లా వనభోజనాల జనమే. మైకుల హోరులో పక్షి కూత ఏం వినిపిస్తుంది? మంగళవారం నుంచి శుక్రవారం లోపు పెట్టుకోండి.

ఖర్చు గురించి విడిగా చెప్పను. బస్సు కిరాయే అసలు ఖర్చు, దూరం తేలితే అదీ తేలుతుంది.

| చోటు | గుంటూరు నుంచి బస్సు (ఒక వైపు) | విజయవాడ నుంచి బస్సు (ఒక వైపు) | మంచి నెలలు | ఏ తరగతులకు |
|---|---|---|---|---|
| ఉప్పలపాడు | అరగంట | గంట | నవంబరు–ఫిబ్రవరి | 3 నుంచి పైకి |
| మూలపాడు, కొండపల్లి | రెండు గంటలు | ముప్పావు గంట | ఆగస్టు–డిసెంబరు | 4 నుంచి 8 |
| కొల్లేరు (ఆటపాక) | మూడు గంటలు | రెండు గంటలు | డిసెంబరు–ఫిబ్రవరి | 7 నుంచి 10 |
| సూర్యలంక | గంటన్నర, రెండు గంటలు | రెండున్నర గంటలు | డిసెంబరు–ఫిబ్రవరి | 6 నుంచి 9 |
| హంసలదీవి | మూడు గంటలు | మూడు గంటలు | డిసెంబరు–జనవరి | 9, 10, ఇంటర్ |

ఈ టైములు బడి బస్సు నడకని బట్టి నేను వేసుకున్నవి. మీ బడి ఊరికి ఏ చివర ఉందో చూసి సరిచేసుకోండి.

ఉప్పలపాడు

ఒక్క చోటే చెప్పమంటే నేను ఇదే చెబుతాను. పెదకాకాని మండలంలో చిన్న ఊరు. ఊరి చెరువులోని తుమ్మ చెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు, తెల్ల కంకణాలు, నీటికాకులు గూళ్ళు కడతాయి. అడవిలోకి నడవక్కర్లేదు, దుర్భిణి కూడా తప్పనిసరి కాదు. గట్టున నిలబడితే గూట్లో పిల్లలు మామూలు కంటికే కనిపిస్తాయి.

ఒకసారి ఆరో తరగతి వాళ్ళతో వెళ్ళాను. ఒక పిల్ల అరగంట చూసి, "మేడమ్, ఇంత పెద్ద కొంగ అరవదేంటి?" అంది. నేను జవాబు చెప్పలేదు, ఇంకాసేపు వినమన్నాను. ఇంతలో మగ కొంగ పుల్లతో గూటికి వచ్చి వాలింది. రెండూ ముక్కులు టకటకలాడించాయి, ఎవరో చెక్క గరిటెలు కొట్టినట్టు. పెద్ద ఎర్రకాళ్ళ కొంగకి గొంతు దాదాపు లేనట్టే, ఆ ముక్కు చప్పుడే దాని మాట. ఆ పిల్ల రాసుకున్న వాక్యం నాకు ఇప్పటికీ గుర్తు: "ఇవి ముక్కుతో మాట్లాడతాయి." పుస్తకంలో ఉన్నా అలా రాసేది కాదు.

అక్కడ చేయించదగ్గ పని ఒకటే, దాన్ని బాగా చేయించండి. నలుగురికో గూడు అప్పజెప్పండి. పది నిమిషాలకోసారి ఎవరొచ్చారు, ఏం తెచ్చారు, పిల్లలు ఏం చేశాయి అని రాయాలి. గూడబాతు పిల్ల తల్లి సంచిలోకి తల మొత్తం దూర్చి తినడం చూస్తే అల్లరి చేసేవాళ్ళు కూడా నోరు మూసుకుంటారు. గంటన్నరలో తొమ్మిది సార్లు రాసుకుంటారు. తిరిగొచ్చాక లెక్కల క్లాసులో దాన్నే పట్టిక వేయించొచ్చు. మా లెక్కల మాస్టారు నన్ను మెచ్చుకున్న సందర్భం అదొక్కటే.

ఇబ్బందులు లేకపోలేదు. రెట్టల కంపు బాగా ఉంటుంది. చిన్నపిల్లలు మొదటి పది నిమిషాలు ముక్కు మూసుకుంటారు, తర్వాత మర్చిపోతారు. చోటు చిన్నది, వంద మందిని ఒకేసారి దింపితే పిల్లలకి పిల్లల వీపులే కనిపిస్తాయి. యాభైకి మించొద్దు. రెండున్నర గంటల్లో చూడటం అయిపోతుంది. "మరి మధ్యాహ్నం నుంచి ఏం చేయిస్తారు?" అని మేనేజ్‌మెంట్ అడుగుతుంది. ఒంటిగంటకి బడికి తెచ్చేసి అన్నం పెట్టి బొమ్మలు గీయించండి. రోజంతా బయటే ఉండాలని రూలేం లేదు కదా.

మూలపాడు, కొండపల్లి

విజయవాడ వాళ్ళకి ఇది ఉప్పలపాడుతో సమానం. ఇబ్రహీంపట్నం దాటాక కొండపల్లి అడవి అంచున మూలపాడు దగ్గర సీతాకోకచిలుకల పార్కు ఉంది. పక్షులు గూటి మీద కూర్చుని ఉంటాయి, సీతాకోకచిలుకలు అలా ఉండవు. అందుకే ఇక్కడ టీచరు పని ఎక్కువ. ఏం చూడాలో తెలియని టీచరుతో వెళ్తే పిల్లలు వలలేని వేటగాళ్ళలా పరిగెత్తి తిరిగొస్తారు.

ముందు రోజు బడిలోనే మొదలుపెట్టండి. కరివేపాకు చెట్టు ఆకుల మీద పిట్ట రెట్టలా నల్లగా తెల్లగా ఒక మచ్చ కనిపిస్తే అది గొంగళిపురుగు కావచ్చు. చీపురుపుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల్లాంటివి బయటికి చాచి ఒక ఘాటు వాసన వదులుతుంది. శత్రువుని తరమడానికి అదొక ఎత్తు. పెద్దయ్యాక అదే ఆకుపచ్చ పురుగై, తర్వాత నల్ల రెక్కల సీతాకోకచిలుక అవుతుంది. జిల్లేడు మీద చారల పురుగులు ఉంటాయి, అవి నారింజ రంగు చిలుకలవుతాయి. ఇవి చూసిన పిల్లలు మూలపాడులో చిలుక వెంట పరిగెత్తరు, ఆకులు తిరగేస్తారు. తేడా అక్కడే.

ఎండ పడ్డాక, అంటే ఎనిమిదిన్నర నుంచి పదకొండు లోపు చిలుకలు బాగా తిరుగుతాయి. మబ్బు రోజున దండగ. తడి మట్టి మీద మగ చిలుకలు గుంపుగా వాలి ఉప్పు పీలుస్తుంటాయి, అక్కడ చతికిలబడి కూర్చోమనండి.

మధ్యాహ్నం కొండపల్లి బొమ్మల కాలనీ. ఇది ప్రకృతి కాదంటారేమో. బొమ్మ చేసే తెల్లపొణికి చెక్క ఆ కొండల చెట్టుదే. చేతిలో పెడితే బెండులా తేలిక. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులు, కాళ్ళు అతుకుతారు. అడవిలో ఆ చెట్టు తగ్గితే ఈ వీధిలో పని తగ్గుతుంది. "అడవులను కాపాడుకుందాం" అని గోడ మీద రాయించడం కంటే ఆ చెక్క ముక్కని పిల్లల చేతిలో ఒక నిమిషం పెట్టడం నయం.

జాగ్రత్తలు: అందరికీ బూట్లు ఉండాలి, చెప్పులతో వద్దు. పొదల్లో పాములు ఉంటాయి. తేనెపట్టు కనిపిస్తే రాయి వెయ్యొద్దని బస్సు దిగే ముందే చెప్పాలి. ప్రతి గుంపులో ఒకడు రాయి పట్టుకుని రెడీగా ఉంటాడు, వాణ్ణి మీ పక్కనే నడిపించుకోండి.

కొల్లేరు

చిన్నపిల్లలకి ఇది దూరం. ఏడు దాటిన వాళ్ళకి, ముఖ్యంగా విజయవాడ పిల్లలకి, మాత్రం దీనికి సాటి లేదు. కారణం బుడమేరు వాగు. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్ నగర్ వైపు ఇళ్ళు ముంచిన నీళ్ళు ఆ పిల్లలకి గుర్తే. ఆ బుడమేరు వెళ్ళి కలిసేది కొల్లేరులోనే. తమ్మిలేరు కూడా అందులోకే. కొల్లేరు నుంచి నీళ్ళు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు. మా క్లాసులో ఈ ముక్క బోర్డు మీద గీస్తుంటే వెనక బెంచీ నుంచి ఒకడు, "అంటే మా ఇంట్లోంచి పోయిన నీళ్ళు అక్కడే ఉన్నాయా మేడమ్?" అన్నాడు. ఆ ప్రశ్నతో బస్సు ఎక్కితే చాలు.

కైకలూరు పక్కన ఆటపాక పక్షుల కేంద్రం. గూడబాతులు గూళ్ళు కట్టుకోవడానికి నీళ్ళలో ఇనుప స్టాండ్లు పెట్టారు, చెట్లు చాలవని. చూడటానికి ఉప్పలపాడు కన్నా దూరంగా కనిపిస్తాయి, ఇక్కడ దుర్భిణి ఉంటేనే బాగుంటుంది. దారి పొడవునా మాత్రం చేపల చెరువులే. పిల్లలు "సరస్సు ఎప్పుడొస్తుంది?" అని అడుగుతూనే ఉంటారు. అదే పాఠం. 1999లో అభయారణ్యం అయింది, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది, ఆక్రమించి తవ్విన చెరువుల గట్లు 2006లో తెగ్గొట్టారు. అయినా గొడవ తెగలేదు. చెరువు మీద బతికే ఊళ్ళు ఒక పక్క, పక్షి, వరద ఇంకో పక్క. తొమ్మిదో తరగతి పిల్లలతో ఇరువైపులా వాదించమని చెప్పి చూడండి. తిరుగు ప్రయాణంలో సినిమా పాటలు పెట్టమని ఎవరూ అడగరు (పది నిమిషాల పాటు).

పోను రాను నాలుగు గంటలు, చూసేది రెండున్నర. నా కొలతలో ఇది తప్పాలి. దారి కూడా చూసేదే కాబట్టి పాస్ చేశాను. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకి చెరువులు లెక్కపెట్టే పని ఇస్తేనే ఈ మినహాయింపు.

సూర్యలంక

బాపట్ల దగ్గరి బీచ్ ఇది. పిల్లలు ఓటేస్తే ఎప్పుడూ ఇదే గెలుస్తుంది. నేను వద్దననుగానీ షరతులు పెడతాను. గుంటూరు బడి అయితేనే వెళ్ళండి. తెల్లవారకముందే బయల్దేరి ఏడున్నరకల్లా ఇసుక మీద ఉండాలి, పదిన్నరకి బస్సెక్కాలి. మునిగిపోయిన వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం, కాబట్టి నీళ్ళలోకి దిగడం లేదని ముందే తల్లిదండ్రులకి రాసి పంపాలి. పాదాలు తడిస్తే చాలు. కార్తీక పౌర్ణమికి ఆ దరిదాపులకి పోవద్దు, స్నానాల జనంతో ఇసుక కనిపించదు.

పొద్దున్నే అయితే తీరం నిండా ఎండ్రకాయల కలుగులు, వాటి చుట్టూ గుండ్రటి ఇసుక ఉండలు. అల వెనక్కి పోగానే పిల్లల కాళ్ళ కింద గవ్వలు తమంతట తాము ఇసుకలోకి దిగిపోతాయి. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరాల్లో గుడ్లు పెడతాయి, అయితే రాత్రిపూట. పగలు వెళ్ళే బడికి తాబేలు కనిపిస్తుందని ఆశ పెట్టకండి.

హంసలదీవి

కృష్ణ సముద్రంలో కలిసేచోటు, మడ అడవులు, బావురుపిల్లి తిరిగే అభయారణ్యం. పేరు వింటేనే వెళ్ళాలనిపిస్తుంది. పెద్ద పిల్లలకే, అదీ ఇరవై, పాతిక మందికే. ఆటుపోట్లు చూసుకోవాలి, అమావాస్య పౌర్ణములకి పోటు ఎక్కువ. అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

బురదలోంచి పెన్సిళ్ళు నాటినట్టు పైకి లేచిన వేళ్ళు చూపించి, "వేరు కిందకి పోవాలి కదా?" అని అడగండి. బురదలో గాలి ఆడదు, అందుకే ఊపిరికి పైకి వస్తాయి. మడ ఆకు వెనక నాలుకతో తాకితే ఉప్పగా ఉంటుంది, చెట్టు ఆ ఉప్పుని ఆకు మీంచి బయటికి నెట్టేస్తుంది. ఒక హెచ్చరిక: పక్కనే తిల్ల చెట్టు ఉండొచ్చు, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. ఏ చెట్టు ఏదో తెలిసిన మనిషి వెంట లేకుండా ఎవరి నాలుకా ఏ ఆకుకీ తగలకూడదు.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన గురించి ఇంటి దగ్గర తాతయ్యలు, అమ్మమ్మలను అడిగి రమ్మని ముందే చెప్పండి. అలకీ ఊరికీ మధ్య చెట్లు ఎందుకుండాలో తర్వాత మీరు చెప్పనక్కర్లేదు.

మిగతావి

భవానీ ద్వీపం పిక్నిక్‌కి బాగుంటుంది, నేర్చుకోవడానికి అంత లేదు. కొండవీడు తొమ్మిదో తరగతి దాటినవాళ్ళకి మంచి నడక. కోట, కొండ మీద చెరువులు, సీతాఫలం చెట్లు, రెండూ మూడూ సబ్జెక్టులు కలిసొస్తాయి. సోషల్ టీచరు తోడుంటే వెళ్ళండి.

మీరు ఎవరైతే ఏది

ప్రాథమిక బడి అయితే దగ్గరిదే, గుంటూరు వాళ్ళు ఉప్పలపాడు, విజయవాడ వాళ్ళు మూలపాడు. ఇంకో మాట లేదు. ప్రభుత్వ బడి, చేతిలో డబ్బు తక్కువ అనుకుంటే గుంటూరు వైపు వాళ్ళకి మళ్ళీ ఉప్పలపాడే, ఎంఈవో ఆఫీసులో ముందు అడిగి పెట్టుకోండి. జాతీయ విద్యా విధానం 2020లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకి పది రోజులు పుస్తకాల సంచి లేకుండా గడపమన్నారు, అర్జీలో ఆ ముక్క రాస్తే పని తేలికవుతుంది. అదీ కుదరకపోతే బడి పక్క కాలవ గట్టు ఉంది. నెలకోసారి అదే చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి ఏం మారిందో రాయించిన క్లాసు నాకు హంసలదీవి వెళ్ళిన క్లాసు కంటే ఎక్కువ చెప్పింది.

పెద్ద కార్పొరేట్ బడి, మూడు వందల మంది అయితే, దయచేసి ఒకే రోజు అందరినీ లేపకండి. యాభై చొప్పున ఆరు రోజులు. బస్సు ఒకటే సరిపోతుంది, కిరాయి కూడా బేరమాడొచ్చు. పన్నెండు మంది పిల్లలకి ఒక పెద్ద మనిషి ఉండాలి, అందులో ఒకరు ఎవరికీ పాఠం చెప్పకుండా తలలు లెక్కపెట్టడానికే.

నడవలేని పిల్ల, వీల్‌చెయిర్ పిల్లవాడు క్లాసులో ఉంటే ఉప్పలపాడు చెరువు గట్టే సులువు. ఇసుక, బురద, కొండ దారి మూడూ కష్టం. ఆ ఒక్కరి కోసం చోటు మార్చండి, ఆ ఒక్కరిని ఇంట్లో ఉంచకండి.

అన్నం సంగతి: పులిహోర, దద్దోజనం. పులిహోర మధ్యాహ్నం రెండైనా పాడవదు. కోడిగుడ్డు కూర, పన్నీరు వద్దు, బస్సు వేడికి చెడిపోతాయి. నీళ్ళ టిన్నులు నాలుగు ఎక్కువే వేసుకోండి. ఓఆర్ఎస్ పొట్లాలు, వాంతి కవర్లు, ఒక జత విడి చెప్పులు. ఆ విడి చెప్పులు నేను ప్రతిసారీ తీసుకెళ్తాను, ఇంతవరకు రెండుసార్లు పనికొచ్చాయి.

బస్సు మాట్లాడేటప్పుడు బయల్దేరే టైము ఆరున్నర అనుకుంటే ఓనరుకి ఐదున్నర అని చెప్పండి.